అలెక్స్ రైస్‌బెక్ నిజంగా డిఫెండరేనా?

ప్రశ్న:
ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ పాత కెప్టెన్ల గురించి చదువుతుంటే స్కాట్లాండ్ ఆటగాడు రైస్‌బెక్ దగ్గర ఆగిపోయాను. అందరూ డిఫెండర్ అంటున్నారు, పొజిషన్ మాత్రం సెంటర్ హాఫ్ అని ఉంది, అటాక్‌లో కూడా ఈయనే ముందుండేవాడంట. ఏది కరెక్టు? కెరీర్ కూడా కాస్త చెప్పండి.

జవాబు 1:
రెండూ కరెక్టే బ్రదర్. అప్పట్లో 2-3-5 ఆడేవాళ్లు, గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఫుల్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌ల లైన్, అందులో నడిమివాడే సెంటర్ హాఫ్. మిగతా ఐదుగురూ ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లు. సెంటర్ హాఫ్ అవతలి టీమ్ మధ్య ఫార్వర్డ్‌ని (సెంటర్ ఫార్వర్డ్) పట్టుకోవాలి, బాల్ దొరగ్గానే తన ఫార్వర్డ్‌లకి అందించాలి, అంటే తొంభై నిమిషాలూ పరుగే. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ (అటాక్ చేసేవాడు ఎంత ముందుండి బాల్ అందుకోవచ్చో చెప్పేది) మారాకే సెంటర్ హాఫ్ వెనక్కి వెళ్లి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్య సెటిలయ్యాడు, మనకిప్పుడు తెలిసిన డిఫెండర్ అది.

జవాబు 2:
పుట్టింది 1878లో, స్కాట్లాండ్‌లోని పోల్‌మాంట్‌లో. అక్కడి క్లబ్ హిబర్నియన్‌కి ఆడి, ఇంగ్లండ్ క్లబ్ స్టోక్‌లో కొన్నాళ్లుండి, 1898లో లివర్‌పూల్‌కి వచ్చేటప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. 1901లో ఆ క్లబ్‌కి మొట్టమొదటి లీగ్ టైటిల్, కెప్టెన్ ఈయనే. 1904లో టీమ్ కింది లీగ్ అయిన సెకండ్ డివిజన్‌కి పడిపోయినా వదిలి వెళ్లలేదు, 1905లో అది గెలిచి పైకొచ్చి 1906లో మళ్లీ ఛాంపియన్లు! వరసగా రెండు సీజన్లలో రెండు డివిజన్లూ గెలవడం అంతకుముందు ఏ క్లబ్‌కీ కుదరలేదు. నన్నడిగితే ఆయన గొప్పతనం 1901 కంటే ఇక్కడే కనిపిస్తుంది.

జవాబు 3:
స్కాట్లాండ్ తరఫున 8 మ్యాచ్‌లు, ఒక్కటి తప్ప అన్నీ ఇంగ్లండ్ మీదే. 1902 ఏప్రిల్ 5న గ్లాస్గో ఐబ్రాక్స్‌లో ఇంగ్లండ్‌తో ఆడుతుంటే చెక్కలతో కట్టిన స్టాండ్ విరిగి జనం ఆ కంతలోంచి కింద పడిపోయారు, 25 మంది చనిపోయారు, వందల మందికి దెబ్బలు. ఆట కాసేపు ఆపి మళ్లీ ఆడించారు, 1-1. ఆ రోజు రైస్‌బెక్ గ్రౌండ్‌లోనే ఉన్నాడు, అలాంటిది చూశాక కాళ్లెలా కదిలాయో పాపం. తర్వాత ఆ మ్యాచ్‌ని లెక్కలోంచి తీసేసి మే నెలలో బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో మళ్లీ పెట్టారు, అది 2-2.

ప్రశ్న అడిగినవాడు:
చాలా థాంక్స్ అండి, ఐబ్రాక్స్ సంగతి అస్సలు తెలీదు. లివర్‌పూల్ తర్వాత ఏం చేశాడు?

జవాబు 2:
1909లో స్కాట్లాండ్ క్లబ్ పార్టిక్ థిసిల్‌కి వెళ్లి 1914 దాకా ఆడాడు. తర్వాత మేనేజర్, ఇంగ్లండ్ క్లబ్ బ్రిస్టల్ సిటీతో 1923లో, 1927లో మూడో స్థాయి లీగ్ అయిన థర్డ్ డివిజన్ సౌత్ గెలిచాడు. చివర్లో మళ్లీ లివర్‌పూల్‌కే స్కౌట్‌గా వచ్చి కుర్రాళ్లని వెతికిపెట్టాడు, 1949లో పోయాడు.