డ్రైవ్ టెస్ట్ నుంచి పైకి దారి ఉందా? వైర్‌లెస్‌లో స్థిరపడిన గోదావరి వాళ్లు చెప్పండి

పంటురేవు (సఖినేటిపల్లి)
ఈసీఈ పూర్తయి రెండేళ్లయింది. ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవ్ టెస్ట్ ఇంజినీరుగా చేస్తున్నాను. కారులో ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు, పైన జీపీఎస్ పెట్టుకుని రాజోలు నుంచి అంతర్వేది దాకా తిరగడం, సాయంత్రానికి లాగ్ ఫైలు పంపడం. ఆ ఫైలు ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో నాకు తెలియదు. మూడు నెలల జీతం బాకీ. నాన్నగారు సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు.

మొన్న కారుతో సహా పంటు (వాహనాలను నది దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వెళుతుంటే నది మధ్యలో ఒక వింత చూశాను. సిగ్నల్ బలం మైనస్ 85 (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం), అంటే బ్రహ్మాండం. డౌన్‌లోడ్ మాత్రం నత్తనడక. అర నిమిషంలో ఫోను ఐదుసార్లు సెల్ (పట్టుకున్న టవరు) మారింది. ఎందుకని అడిగితే "నీకెందుకు, ఫైలు పంపు" అన్నారు. ఆ ఎందుకు అన్నది తేల్చే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? దానికి ఏం చదవాలి?

ఆటుపోటు (కాకినాడ, రిటైరయ్యాను)
బాబూ, మీరు చూసిన వింతకు అన్నగారిని నేను 1990ల చివర చూశాను. గౌతమికి అడ్డంగా, యానాం వైపు ఒక మైక్రోవేవ్ లింకు. మధ్యలో చెట్టు లేదు, గోడ లేదు, టవర్లు రెండూ ఎదురెదురుగా కనిపించేవి. అయినా రోజూ కాసేపు పడిపోయేది. పరికరం మార్చాం, కేబుల్ మార్చాం, పైవాళ్ల చేత చీవాట్లు తిన్నాం. గుట్టు విప్పింది రేవులో పడవ నడిపే పెద్దాయన. "నీరు ఎక్కే వేళకే మీ దానికి జబ్బు చేస్తోందండీ" అన్నాడు. రిజిస్టరు తీసి చూస్తే నిజమే. పోటు రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కదా, మా లింకు పడే వేళ కూడా అలాగే జరుగుతూ వచ్చింది.

నేరుగా వచ్చే తరంగం ఒకటి, నీటికి తగిలి వచ్చేది మరొకటి. నీటిమట్టం మారితే రెండోదాని దారి పొడవు మారుతుంది, ఒక దశలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదే టవరు మీద కొన్ని మీటర్ల కింద మరో యాంటెన్నా బిగించాం. పైదాని దగ్గర కొట్టేసుకున్నప్పుడు కిందిదాని దగ్గర కలుస్తాయి. దీన్ని స్పేస్ డైవర్సిటీ అంటారు. బీటెక్‌లో నేను ఇదే జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను. గోదావరి ఒడ్డున మాత్రం పడవాయన చెబితే గాని గుర్తు రాలేదు!

నా కళ్ల ముందే 2జీ, 3జీ, 4జీ వచ్చాయి. ఫలానా కంపెనీ పెట్టె బిగించడం మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఆ పెట్టె పాతబడగానే ఇబ్బంది పడ్డారు. తరంగం సంగతి తెలిసినవాళ్లకు ఆ బాధ లేకపోయింది.

కొబ్బరితోట (బెంగళూరు, మాది అంబాజీపేట)
పంటురేవు గారూ, నది మీద అడ్డు లేదు కాబట్టి రెండు గట్ల టవర్లూ ఇంచుమించు ఒకే బలంతో మీకు తగిలి ఉంటాయి. ఫోను మీద గీతలు బలాన్నే చూపుతాయి. పెళ్లి పందిట్లో పదిమంది ఒకేసారి గట్టిగా మాట్లాడితే చప్పుడుకు లోటుండదు, మాట మాత్రం తెలియదు. మీ లాగ్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఉంటుంది, అంటే మనకు కావలసిన సిగ్నల్‌ను మిగతా రొదతో పోల్చిన లెక్క. నది మధ్యలో అది సున్నాకు దిగువన ఉందేమో, అంటే రొదే ఎక్కువగా ఉందేమో చూడండి.

నేనూ డ్రైవ్ టెస్ట్‌తోనే మొదలుపెట్టాను. ఆడపిల్ల కారులో ఊళ్లు తిరగడమేమిటని మా ఇంట్లో పెద్ద రగడ. ఇప్పుడు మోడెమ్ ప్రొటోకాల్ టెస్టింగ్ (ఫోను టవరుతో మాట్లాడే భాగాన్ని పరీక్షించడం) చేస్తున్నాను. మధ్యలో చేసినదల్లా, ఫైలు పంపేముందు రోజుకో గంట దాన్ని చదవడం. 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే ప్రపంచ సంస్థ) పత్రాలు ఎవరికైనా ఉచితం. 4జీకి 36.331, 5జీకి 38.331 నంబరు పత్రాలు తీయండి. వందల పేజీలు చూసి బెదరవద్దు, మెజర్‌మెంట్ రిపోర్ట్ భాగంతో మొదలుపెట్టండి. పక్క సెల్ మన సెల్ కంటే ఇంత మెరుగైతే, ఇంతసేపు అలాగే ఉంటే చెప్పు అని నెట్‌వర్క్ ఫోనుకు నియమం పెడుతుంది. దాని పేరు ఏ3. మీ ఐదు మార్పుల కథ అక్కడ ఉంటుంది. నా ఇంటర్వ్యూలో ముప్పావు గంట ఇలాంటి ఒక్క లాగ్ మీదే గడిచింది, సర్టిఫికెట్ల ఊసే రాలేదు.

చేదునిజం
అందరూ ఉత్సాహపరుస్తున్నారు, రెండో వైపు నేను చెబుతాను. 2010 ప్రాంతంలో దేశంలో పదికి పైగా ఆపరేటర్లు ఉండేవారు, ఇప్పుడు నాలుగు. ఆప్టిమైజేషన్ (నెట్‌వర్క్‌ను సరిదిద్దే) పనిలో చాలా భాగం సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. నేను ఐదేళ్లు చేసి వదిలేశాను, విచారం లేదు. మీ నాన్నగారి మాట తీసిపారేయకండి. ముందు ఆ బాకీ జీతం వసూలు చేసుకోండి.

నైరుతి (హైదరాబాద్, ప్రమాణాల పని)
చేదునిజం గారి లెక్క సరైనదే, కానీ అది ఫీల్డు ఉద్యోగాల లెక్క. మోడెమ్ అల్గోరిథమ్‌లు, బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్, ప్రమాణాల పనికి బెంగళూరు, హైదరాబాద్‌లలో మనుషులు కావాలి. వీటికి ఎంటెక్ ఉంటే మేలు, అందుకు గేట్ రాయాలి. సర్కారు కొలువే కావాలంటే యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. వేసవిలో తెల్లవారుజామున కోస్తాలో గాలి పొరల వల్ల తరంగాలు ఒక గొట్టంలో పోయినట్టు వంద కిలోమీటర్లు దాటి పోతాయి. టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పంపడం, వినడం) నెట్‌వర్క్‌లో పంపడానికీ వినడానికీ మధ్య కొంచెం ఖాళీ సమయం వదులుతారు. ఆ ఖాళీని సింబల్ అనే చిన్న కాలపు ముక్కల్లో లెక్కిస్తారు. 4జీలో ఒక సింబల్ అంటే సుమారు 71 మైక్రోసెకన్లు, ఆ లోపు తరంగం 21 కిలోమీటర్లు వెళుతుంది. ఎక్కడో దూరపు టవరు మాట ఆ ఖాళీ దాటి ఆలస్యంగా వచ్చి, ఇక్కడి టవరు ఫోన్ల మాట వినే వేళ చెవిలో పడుతుంది. ఎవరి తప్పూ లేదు, ఫిర్యాదులు మాత్రం కుప్పలు. ఆ దూరపు టవరు ఏదో కనిపెట్టే పద్ధతి 3జీపీపీ రిలీజ్ 16లో చేరింది. ఒక ఊరి ఫిర్యాదు ప్రపంచ ప్రమాణంగా మారే దారి ఇదే. రెండు టవర్ల మధ్య 6 కిలోమీటర్లుండే పల్లెలకు కూడా 5జీ పనిచేయాలన్న షరతు మన దేశం పట్టుబట్టడం వల్లనే ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) లెక్కల్లోకి వచ్చింది.

ఇంకో మాట. మిమో (ఒకేసారి పలు యాంటెన్నాలతో పంపి, అందుకునే పద్ధతి) మూలపురుషుల్లో ఒకరైన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ మన నౌకాదళ అధికారి. మొదట పనిచేసింది సోనార్ మీద, అంటే నీళ్లలో శబ్దాలు విడదీయడం. తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్లారు, 1994లో మిమో పేటెంటు, 2014లో మార్కొనీ బహుమతి. పంటు మీద మొదలైన కుతూహలానికి ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

రొయ్యలచెరువు (భీమవరం)
నేను ఊళ్లోనే ఉండి బతుకుతున్నాను. చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు, 865–867 మెగాహెర్ట్జ్‌లో లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం పోయే) రేడియో, ఆ పరిధికి లైసెన్సు అక్కరలేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడితే రైతు ఫోను మోగాలి, లేచి ఏరేటర్లు వేయాలి. మోటారు షెడ్డు మీద పెట్టిన యాంటెన్నా ఇప్పటిదాకా నన్ను ఇబ్బంది పెట్టలేదు. సెన్సరు మూతికి పట్టే నాచుతోనే తంటా. రేడియో ఇంజినీరునని చెప్పుకుని వారానికి రెండుసార్లు నాచు కడుగుతుంటాను. ఆదాయం పంటను బట్టి.

పంటురేవు
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఆ లాగ్ మళ్లీ తెరిచాను. కొబ్బరితోట గారూ, ఎస్‌ఐఎన్‌ఆర్ మైనస్ 3! ఫోను పట్టుకున్న సెల్‌లలో ఒకదాని టైమింగ్ అడ్వాన్స్ (టవరు ఎంత దూరమో తెలిపే అంకె) 118. ఒక్కో మెట్టు 78 మీటర్లని చదివాను, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. ఆ టవరు రెండు గట్లలో దేనిదీ కాదు, ఎక్కడో దిగువ నుంచి నది వెంబడి వస్తోంది. నివేదికలో ఈసారి ఫైలుతో పాటు ఒక పేజీ రాసి పెట్టాను. నాన్నగారికి ఆరు నెలలు గడువు అడిగాను, జీతం గురించి కాంట్రాక్టరుకు కాగితం పెట్టాను.

ఆటుపోటు
ఆ యాంటెన్నా వంపు ఎంతో కనుక్కోండి. ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించితే నది ఖాళీ అవుతుంది, కానీ ఆ దిగువ లంకలో ఎవరికైనా ఆ టవరే దిక్కేమో ముందు చూడాలి. నీరు బాగా తీసిన వేళ ఇంకోసారి పంటు ఎక్కి కొలవండి. రెండు లాగ్‌లూ నాకు చూపించండి.