మా నిషాద: ‘ప్రతిష్ఠ’ అంటే పరువేనా?

బోయవాడు క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని చంపినప్పుడు వాల్మీకి నోట వచ్చిన రామాయణంలోని ‘మా నిషాద’ శ్లోకంలో ‘ప్రతిష్ఠ’ అంటే కీర్తి అని నిన్న ఒక మిత్రులు రాశారు. పరువు ప్రతిష్ఠలు అని రోజూ అంటాం కాబట్టి అలాగే తోస్తుంది గానీ, ఇక్కడ ఆ అర్థం అతకదు.

మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః శాశ్వతీః సమాః
యత్క్రౌంచమిథునాదేకమవధీః కామమోహితమ్

‘స్థా’ అంటే నిలవడం. ప్రతిష్ఠ అంటే నిలకడ, కుదురు. గుడిలో విగ్రహ ప్రతిష్ఠ అన్నప్పుడు మనం వాడేది ఈ అర్థంలోనే. మోహంలో ఉన్న జంటలో ఒకదాన్ని చంపావు, ఎన్నేళ్లయినా నీకు కుదురు లేకుండుగాక అని శాపం. పిట్టలు కొట్టుకు బతికే బోయవాడికి కీర్తి రాకపోతే పోయేదేముంది? వాణ్ణి చావమని కూడా అనలేదు, చూడండి.

మా వీధిలో ఒకావిడ భర్తను లారీ గుద్దేసింది. డ్రైవర్ బెయిల్ మీద బయటికొచ్చాడని తెలిసిన రోజు ఆవిడ వాకిట్లో మట్టి దోసిట్లోకి తీసి రోడ్డు మీదికి విసిరి, “వాడికి నిలువ నీడ లేకుండా పోవాల, నా ఉసురు తగలకపోదు” అంది. తనకు పోయిన కుదురు వాడికీ పోవాలనే ఆవిడ కోరిక.

ఈ శ్లోకానికి ముందున్న పాదాలను చాలామంది దాటేస్తారు. నెత్తురోడుతూ నేల మీద కొట్టుకుంటున్న మగపక్షిని చూసి ‘భార్యా తు నిహతం దృష్ట్వా రురావ కరుణాం గిరమ్’, చచ్చినవాణ్ణి చూసి భార్య దీనంగా ఏడ్చింది అని. భార్య అనే అన్నాడు కవి. చచ్చినదాన్ని ‘తామ్రశీర్షేణ’ అన్నాడు, రాగిరంగు తల ఉన్నది అని. ఆ ఎర్రతలను బట్టే ఇది సారస కొంగ అంటారు కొందరు. ఏడ్చింది భార్య, కోపం మాత్రం పక్కనున్న వాల్మీకి నోట వచ్చింది. అన్నాక ‘కిమిదం వ్యాహృతం మయా’, ఏమిటిలా అనేశాను అని ఆయనే కలవరపడ్డాడు.

‘మా’ అంటే లక్ష్మి, ‘మానిషాద’ అంటే లక్ష్మీనివాసుడు, అంటే రాముడు, ఆ జంటలో చచ్చింది రావణుడు, కాబట్టి ఇది మంగళశ్లోకం అని వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం కూడా ఉంది. వాళ్ల పాండిత్యానికి దండం పెడతాను, కానీ నాకిది శాపమే. పైగా ఆ లెక్కన చూసినా ఏడ్చే భార్య మండోదరి. యుద్ధకాండలో ఆమె రావణుడి శవం మీద పడి ఏమంటుందో చూడండి: నువ్వు విధవలను చేసిన ఇల్లాళ్లు ఎందరో శోకంతో రగిలి శపించారు, అందుకే శత్రువు చేతికి చిక్కావు అంటుంది. ‘పతివ్రతానాం నాకస్మాత్ పతంత్యశ్రూణి భూతలే’ అని లోకంలో ఉన్న మాటనూ గుర్తు చేస్తుంది. పతివ్రతల కన్నీళ్లు ఊరికే నేలరాలవు అని. ఉసురు తగలడమంటే అదే కదా.

ఈ ‘పతివ్రతానాం’ పాదానికి తెలుగు పద్యం ఎవరికైనా నోటికి వస్తే ఇక్కడ పెట్టండి.