అప్‌డేట్: నడుం నొప్పి, డిస్క్ బల్జ్ – ఆపరేషన్ తప్పదా అని అడిగాను

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను, ఏడాదిగా నడుం నొప్పి, ఎంఆర్‌ఐలో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త బయటికి ఉబ్బడం) అని వచ్చింది, ఆపరేషన్ తప్పదా అని ఇదివరకు ఇక్కడ రాశాను కదా. ఆపరేషన్ అవసరం పడలేదు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా ఫిజియోను (ఫిజియోథెరపిస్టును) కలవమన్న అక్కకు.

నల్గొండలో ఫిజియో సార్ రిపోర్టు పక్కన పెట్టి, "నిద్ర పడుతోందా? అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. చెల్లెలి పెళ్లి అప్పు, మిల్లు సీజన్ టెన్షన్ అన్నీ చెప్పాను. నొప్పి లేనివాళ్లలో కూడా డిస్క్ బల్జ్ మామూలేనట. వంగితే ఏదో అవుతుందన్న భయం, నిద్రలేమి నొప్పిని పెంచుతాయట. అక్కడే బిందె ఎత్తించారు, మొదట ఖాళీది, తర్వాత సగం నీళ్లతో. ఊపిరి బిగబట్టొద్దన్నారు. చెమటలు పట్టాయి గానీ నడుముకేం కాలేదు.

రోజూ నడక, పని మెల్లగా పెంచడం, రాత్రిపూట వసూళ్ల ఫోన్లు ఎత్తకపోవడం. ఇవే పనిచేశాయి. కొత్త పరుపు దండగ. బెల్టూ అంతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టు, ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచే చికిత్స) వద్దనే అంటున్నాయి. నొప్పి అప్పుడప్పుడు పలకరిస్తుంది, పని మాత్రం ఆగడం లేదు.

కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా ఇవన్నీ చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.