అక్క పెళ్ళికి కలంకారి వేయిద్దామనుకుంటున్నా, సీతారాముల మొహాలు వాళ్ళవి పెట్టమని అడగొచ్చా?

వెంకటగిరి_తమ్ముడు:
అందరికీ నమస్తే అండి. ఫిబ్రవరిలో మా అక్క పెళ్ళి. శ్రీకాళహస్తిలో చేత్తో వేసిన సీతారామ కల్యాణం కలంకారి, మూడడుగుల వెడల్పు నాలుగడుగుల పొడవు, ఆర్డర్ మీద వేయించి గిఫ్ట్ ఇవ్వాలని నా కోరిక. మా అమ్మమ్మ ఇంట్లో అలాంటిదొకటి గోడకి ఉండేది, అక్క చిన్నప్పుడు రోజూ కంచం పట్టుకుని దాని ముందు కూర్చుంటేనే అన్నం తినేది, తర్వాత చెదలు పట్టి పోయింది, ఆరోజు అక్క ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. ఇప్పుడు డౌట్ ఏంటంటే, ఫోటో ఇచ్చి సీతకి అక్క మొహం, రాముడికి బావ మొహం వేయమంటే వేస్తారా? ఇది నవంబర్ మొదటి వారం, టైమ్ సరిపోతుందా? వేయించినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కలం_పట్టిన_చెయ్యి:
తమ్ముడూ, నేను ఈ పని చేసేదాన్నే, పెళ్ళి ఆర్డర్లు చాలా చేశా. ముందు టైమ్ సంగతి, ఎందుకంటే నవంబర్ డిసెంబర్ మాకు వానల నెలలు. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టాలి, పాలు పడితేనే రంగు పాకకుండా నిలబడుతుంది. తర్వాత చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసి, దానిమీద కాసింతో గీతలు. ఇనప తుక్కు, బెల్లం నీళ్ళల్లో రెండు మూడు వారాలు ఊరేస్తే వచ్చేదే కాసిం, కరక్కాయ పట్టిన గుడ్డమీద పడగానే నల్లగా తిరుగుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక పూసి, ఆరాక పారే నీళ్ళల్లో జాడించి, రంగు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. మళ్ళీ ఉతుకు, మళ్ళీ పాలు, తర్వాత పసుపు, నీలం. ప్రతిదానికీ ఎండ కావాలి, నాలుగురోజులు ముసురు పట్టిందంటే నాలుగురోజులూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కాబట్టి ఈ వారమే ఆర్డర్ ఇచ్చెయ్.

మొహాలంటావా, వద్దమ్మా. తప్పని కాదు, కుదరదు. మా బొమ్మల్లో రాముడు నీలం, ఆడవాళ్ళకి పసుపు ఒళ్ళు, కళ్ళు ఇంతింత పెద్దవి. అందులో ఫోటో మొహం పెడితే అటు అక్కలా ఉండదు, ఇటు సీతలా ఉండదు. మధ్యలో సీతారాముల్ని అలాగే ఉంచి, చుట్టూ అంచులో చిన్న చిన్న గడులు పెట్టించు, పాత గుళ్ళ కలంకారీల్లో కథ అలాగే గడుల్లో నడుస్తుంది, కింద తెలుగులో ఒక లైను రాస్తారు. ఆ గడుల్లో అక్కావాళ్ళ కథ వేయించు. జీలకర్రబెల్లం, తలంబ్రాలు అందరికీ ఉండేవే, వాళ్ళకి మాత్రమే తెలిసినవి చెప్పు.

ఇంకోటి, బొగ్గు గీతలప్పుడే నువ్వెళ్ళి చూడు, లేదా ఫోటో తెప్పించుకో. బొగ్గు దులిపితే పోతుంది, కాసిం పడ్డాక మార్చమంటే కొత్త గుడ్డ మొదలుపెట్టాల్సిందే.

గోదారి_గట్టు:
పై అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, మా విషయంలో జరిగింది చెప్తా. మా పెళ్ళికి మావయ్య ఇలాగే వేయించి కింద పేర్లు, తేదీ రాయించారు, తీరా చూస్తే మా నానమ్మ పోయి ముహూర్తం మూడు నెలలు వెనక్కి వెళ్ళింది. గుడ్డమీద మాత్రం పాత తేదీ అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ హాల్లోనే ఉంది, చూసినప్పుడల్లా నానమ్మ గుర్తొస్తుంది. అందుకని పేర్లు రాయించండి, తేదీకి మాత్రం చోటు వదిలి పెళ్ళయ్యాక రాయించుకోండి.

సిద్దిపేట_పోరడు:
అన్నా, ఎండ కుదరకపోతే చేర్యాల నకాషీ బొమ్మ కూడా చూడు. బట్టకి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి వేస్తరు, ఎర్రటి బ్యాక్‌గ్రౌండు మీద బొమ్మలు మస్తు కనిపిస్తయి, పటం విప్పుకుంట కథ చెప్పేటోళ్ళ కోసం పుట్టిన కళ కాబట్టి పెళ్ళి కథ అందులో బాగా ఒదుగుతది. కాళహస్తిదే కావాలంటే మాత్రం స్క్రీన్ ప్రింటు అంటగట్టకుండా చూసుకో. ఒకే పువ్వు పదిచోట్ల అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేత్తో గీసింది కాదు. ఫ్రేమ్ కట్టించినా ఎండ పడే గోడకి మాత్రం పెట్టనీయకు.

వెంకటగిరి_తమ్ముడు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. మొహాల ఐడియా వదిలేశా. గడుల కోసం రాసుకుంటూ కూర్చుంటే అక్కా బావా కలిసిన బస్టాండు, బావ పాత స్కూటరు గుర్తొచ్చాయి, అన్నిటికంటే ముందు మాత్రం అమ్మమ్మ ఇంట్లో కలంకారి ముందు కంచంతో కూర్చున్న పిల్ల. కలంకారిలోనే కలంకారి వేయడం కుదురుతుందా అక్కా?

కలం_పట్టిన_చెయ్యి:
ఎందుకు కుదరదు, మొదటి గడి అదే పెట్టించు. లోపలి గుడ్డని నాలుగు గీతల్లో చూపించొచ్చు, పిల్ల మాత్రం కాస్త పెద్దగా రావాలి. ఆ కంచం అంచున్నదా, గుండ్రటి పళ్ళెమా, మీ అమ్మని అడిగి వేసేవాళ్ళకి చెప్పు.