అప్‌డేట్: మా వారి పూర్వీకురాలి జాడ దొరికింది

1881 జనగణన తర్వాత కనిపించకుండా పోయిన మా వారి ముత్తాత తల్లి (యార్క్‌షైర్ ఆవిడ) గురించి ఇక్కడ అడిగాను. సాయపడిన అందరికీ కృతజ్ఞతలు.

పని చేసింది ‘ఎంహెచ్ 94’ అనే పిచ్చాసుపత్రి చేరికల రిజిస్టర్లు చూడమన్న సలహానే. లండన్‌లో క్యూ అనే చోటున్న జాతీయ దస్త్రాగారంలో ఉన్న ఈ రిజిస్టర్లలో 1846 నుంచి 1912 దాకా ఇంగ్లండ్, వేల్స్ పిచ్చాసుపత్రుల్లో చేరినవారి పేర్లు, తేదీలు ఉన్నాయి. ఆవిడ చేరింది యార్క్‌షైర్‌లోని ‘వేక్‌ఫీల్డ్’ పిచ్చాసుపత్రిలో అని అక్కడే తేలింది. కేసు పుస్తకం (రోగుల గురించి డాక్టర్లు రాసినది) వేక్‌ఫీల్డ్ దస్త్రాగారంలోనే ఉంది; నూరేళ్లు దాటింది కాబట్టి చూడనిచ్చారు. చేరడానికి రాసిన కారణం కాన్పు! నాలుక ఎలా ఉందో కూడా రాశారు, ఆవిడ ఏమన్నదో ఒక్క ముక్క లేదు.

1891 జనగణనలో ఆ ఆసుపత్రి రోగులకు పేర్ల బదులు పొడి అక్షరాలే వేశారు. ఇంటిపేరుతో ఎంత వెతికినా దొరకనిది అందుకే. వర్క్‌హౌస్ (అప్పటి పేదల ఆశ్రయం) దస్త్రాలు, చర్చి ఖనన దస్త్రాలు మాకు ఎందుకూ పనికిరాలేదు.