1888 జర్మన్ 20 మార్కుల బంగారు కాసు నిజంగా అరుదా?

మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఇక్కడ పాత నాణేల కొట్లో 1888 నాటి 20 మార్కుల బంగారు కాసు చూశాను. గడ్డం ఉన్న రాజు, తల కింద బెర్లిన్ టంకశాల గుర్తు 'ఎ'. పేరు ఒట్టి 'ఫ్రీడ్రిష్' అనే ఉంది, ఎన్నోవాడో అంకె లేదు. గొంతు క్యాన్సర్‌తో 99 రోజులకే పోయిన మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి ఈయనే కదా? పాపం, గద్దెనెక్కేనాటికే గొంతు పోయింది.

ఏలింది మూడు నెలలే కాబట్టి అరుదైనదంటూ కొట్టతను బంగారం విలువకు రెట్టింపు అడుగుతున్నాడు. ఇవి 50 లక్షలకు పైగా ముద్రించారని చదివాను, మరి అరుదెలా అవుతుంది? బరువు 7.96 గ్రాములు, వెడల్పు 22.5 మిల్లీమీటర్లు, రెండూ సరిపోయాయి. అంచు మీద 'గాట్ మిట్ ఉన్స్' (జర్మన్‌లో 'దేవుడు మనతో ఉన్నాడు') అని కూడా ఉంది. నకిలీ కాదని తేల్చుకోవడానికి ఇంకేం చూడాలి? తెలిసినవారు చెప్పండి, శనివారం మళ్లీ వెళ్తున్నాను.