హాల్లో వేసుకునే టేకు కుర్చీ, నవారు సీటుతో: కొలతలు, జాయింట్లు చూసి చెప్పగలరా?

కొత్త_ఉలి

ఫర్నిచర్ డిజైన్ మూడో సంవత్సరం ప్రాజెక్టు. హాల్లో కూర్చుని పేపర్ చదువుకోవడానికి, టీవీ చూడటానికి పనికొచ్చే ఒక కుర్చీని డిజైన్ చేసి, ఫుల్ సైజులో తయారు చేసి చూపించాలి. గడువు 9 వారాలు. హైదరాబాద్‌లోనే కాలేజీ వర్క్‌షాప్‌లో పని. బ్యాండ్ సా, థిక్‌నెస్ ప్లేనర్, డ్రిల్ ప్రెస్ ఉన్నాయి. మిగతాది చేతిపని.

ప్రస్తుతం డ్రాయింగ్‌లో ఉన్నది ఇది. సీటు ఎత్తు 430 మి.మీ., లోతు 560, వెడల్పు 560. సీటు సమతలంగా ఉంది, వీపు 115 డిగ్రీలు వాలింది. కాళ్లు 38 × 38, నాలుగూ నిటారు. వెనక కాళ్లు సరిగ్గా సీటు వెనక అంచు కింద ఉన్నాయి. జాయింట్లన్నీ 8 మి.మీ. డోవెల్స్‌తో (జాయింట్‌లో దింపే గుండ్రటి చెక్క పుల్లలు). సీటుకు, వీపుకు 50 మి.మీ. కాటన్ నవారు.

అడగాల్సినవి నాలుగు. కొలతలు సరేనా? డోవెల్స్ చాలా? టేకు, నవారు ఎంత కొనాలి? నవారు సాగిపోకుండా ఏం చేయాలి?

మూలమట్టం

కొలతల దగ్గరే ఆగాలి. టేకు కొనే ముందు ఇది తేల్చుకోండి.

లోతు 560 ఎక్కువ. 155 సెం.మీ. ఎత్తున్న మనిషి ఈ కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటే ముందు పట్టె మోకాళ్ల వెనక గుచ్చుకుంటుంది. గుచ్చుకోకుండా ముందుకు జరిగితే నడుముకు ఆసరా పోతుంది. మోకాలి వెనకకూ పట్టె అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. కూర్చోడానికి వాడుకొచ్చే లోతు 480 పెట్టుకోండి.

430 ఎత్తు, సమతలం సీటు అన్నది భోజనాల బల్ల కుర్చీకి దగ్గరి లెక్క. వీపు 115 వాల్చి సీటును మాత్రం సమతలంగా ఉంచితే మనిషి మెల్లగా ముందుకు జారుతూనే ఉంటాడు. ముందు 400, వెనక 350 చేయండి. 480 లోతులో 50 దిగితే దాదాపు 6 డిగ్రీల వాలు. సీటుకూ వీపుకూ మధ్య కోణం 105 చాలు. అప్పుడు వీపు నిటారు నుంచి 21 డిగ్రీలు వాలుతుంది.

ఇక వెనక కాళ్లు. వీపు చట్రం 600 పొడవుండి 21 డిగ్రీలు వాలితే దాని పైకొన సీటు వెనక అంచును దాటి 215 మి.మీ. వెనక్కి పోతుంది. కాలేమో సీటు అంచు కిందే నిలబడి ఉంది. ఎవరైనా వెనక్కి ఆని ఒళ్లు విరుచుకుంటే కుర్చీ బోల్తా కొడుతుంది. కాలిని సీటు వెనక అంచు నుంచి 150–165 వెనక్కి జరపండి. పక్క నుంచి చూస్తే మొత్తం లోతు 680 అవుతుంది. హాల్లో కుర్చీకి అది మామూలే.

చేతులు ఆనించే కట్టె ఎత్తును, మనిషి కూర్చుని నవారు దిగిన తర్వాతి సీటు నుంచి కొలవండి: 200–220. నవారు 25–30 దిగుతుంది. చాలా డ్రాయింగుల్లో ఆ దిగుడు లెక్కే ఉండదు, అందుకే చేతులు భుజాలను పైకి నెట్టేంత ఎత్తులో వస్తాయి.

ఇవన్నీ కాగితం మీది అంకెలే. ప్యాకింగ్ పెట్టెల చెక్కతోనో చవక ప్లైతోనో ఫుల్ సైజు నమూనా ఒకటి స్క్రూలతో బిగించండి. పక్క పలకల్లో 25 మి.మీ. ఎడంగా బెజ్జాలు వేస్తే సీటును, వీపును పైకీ కిందికీ మార్చి చూడొచ్చు. సీటుకు మాత్రం నవారే కట్టండి. పలక మీద కూర్చుంటే వచ్చే జవాబు వేరు. 150 నుంచి 180 సెం.మీ. ఎత్తు దాకా ఆరేడుగురిని ఒక్కొక్కరిని 20 నిమిషాలు కూర్చోబెట్టండి. ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. మడమలు లేస్తున్నాయా, ముందుకు జారుతున్నారా, లేవడానికి రెండు చేతులూ నొక్కుతున్నారా, ఇవి చూసి రాసుకోండి. జ్యూరీకి చూపించాల్సిన పేజీ కూడా అదే.

చేవకట్టె

పైన చెప్పిన కొలతలు పట్టుకుని నిర్మాణం గురించి.

డోవెల్స్ అన్నిచోట్లా వద్దు. కుర్చీలో ఎక్కువ దెబ్బ తినేది పక్క చట్రం, అంటే ముందు కాలు, వెనక కాలు, పక్క పట్టె, చేతి కట్టె కలిసే చోట్లు. మనిషి వెనక్కి ఆనిన ప్రతిసారీ అవి మెలి తిరుగుతాయి. అక్కడ కుసి (కట్టె కొనను సన్నం చేసి అవతలి కట్టె బెజ్జంలో దింపే నాలుక) వేయాల్సిందే. పక్క పట్టె 60 × 25 అయితే కుసి మందం 8 నుంచి 10, మీ ఉలి వెడల్పు ఏదుంటే అది. పొడవు 28. కాలిలో బెజ్జం 30 లోతు, జిగురుకు ఆ 2 మి.మీ. సందు కావాలి. సందు లేకపోతే జిగురు అడుగున చేరి కుసిని పూర్తిగా దిగనివ్వదు. భుజం దగ్గర, అంటే కుసి మొదట్లో పట్టె కాలికి ఆనే చోట, వెంట్రుకంత గ్యాప్ కనిపిస్తుంది, ఎంత క్లాంపు బిగించినా మూయదు.

పక్క పట్టె 6 డిగ్రీల వాలులో ఉంటుందని భయపడకండి. ఆ వాలు చట్రం తలంలోనే ఉంది కాబట్టి బెజ్జం పక్కగోడలు మారవు. పైకొన, కిందికొన మాత్రం వాలుతాయి. కుసి పట్టె పోగు వెంటే పోతుంది, భుజం గీత ఒక్కటే 84 డిగ్రీల్లో కోయాలి. స్లైడింగ్ బెవెల్ (కోణాన్ని పట్టి ఉంచే పరికరం) ఒకసారి బిగించి, రెండు పక్కలకీ పని అయ్యేదాకా వదలొద్దు.

కుర్చీని నాలుగు ముక్కలుగా ఆలోచించండి: రెండు పక్క చట్రాలు, ఒక సీటు చట్రం, ఒక వీపు చట్రం. పక్క చట్రాలను జిగురుతో అతికించండి. మిగతావి ఎం6 బోల్టులు, బ్యారెల్ నట్లతో (కట్టెలో అడ్డంగా వేసిన బెజ్జంలో కూర్చునే గుండ్రటి నట్లు). సీటు చట్రం ముందు, వెనక పట్టెల కొనల్లోకి పక్క పట్టె గుండా బోల్టు పోవాలి. వీపు చట్రం కింద సీటు వెనక పట్టె మీద ఆనుతుంది, పైన చేతి కట్టెలకు చెరో బోల్టు. ముందు కాళ్ల మధ్య ఒకటి, వెనక కాళ్ల మధ్య ఒకటి 70 × 25 అడ్డకట్టెలు పెట్టండి, పక్కలకు ఊగకుండా ఆపేవి అవే. ఇక్కడ ఒక్కో కొనకు ఒక బోల్టు, దాని పైన ఒక 8 మి.మీ. డోవెల్ చాలు. డోవెల్ లేకపోతే కట్టె బోల్టు చుట్టూ తిరుగుతుంది. నట్ బెజ్జం కొన నుంచి 35 మి.మీ. లోపల ఉండాలి, దగ్గరైతే కలప చీలుతుంది. 38 కాలికి 80 మి.మీ. బోల్టు సరిపోతుంది. ఇవన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి. విప్పితే ఆటోలో పట్టే కుర్చీ అవుతుంది.

టేకు లెక్క: చిత్రిక పట్టడానికి మందంలో, వెడల్పులో 5–6 మి.మీ., పొడవులో 30–40 కలిపి చూస్తే అన్ని ముక్కలూ కలిసి సుమారు 0.78 ఘనపుటడుగులు. ముడులు, తెల్లచెక్క (చేవ లేని బయటి కలప), చీలికల కింద పోయేదానికి 40 శాతం అదనంగా కలిపి 1.1 కొనండి. డిపోలో లెక్క సరిచూసుకోండి: అడుగుల పొడవు × అంగుళాల వెడల్పు × అంగుళాల మందం, దాన్ని 144తో భాగించాలి. అత్తాపూర్ వైపు డిపోల్లో సైజు కోయించుకోవచ్చు. చేవ ఉన్న కట్టే తీసుకోండి. తెల్లచెక్కకు పురుగు పడుతుంది. పాత ద్వారబంధాల టేకు ఎండి గట్టిగా ఉంటుంది. అయితే ప్లేనర్‌లో పెట్టే ముందు అయస్కాంతంతో వెతికి మేకులన్నీ తీయాలి.

ముక్కలను పెద్ద సైజులో కోసి, మధ్యన పుల్లలు పెట్టి వర్క్‌షాప్‌లోనే రెండు వారాలు పేర్చి ఉంచండి. ఆ తర్వాతే అసలు కొలతకు తేవాలి. పచ్చి కట్టెలో కోసిన కుసి మే నెల వచ్చేసరికి వదులవుతుంది.

నవారు_పేట

సీటు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నవారు కుర్చీలు చెడిపోయేది అక్కడే.

నవారు వదులైందని అందరూ నవారునే తిడతారు. చాలాసార్లు వంగింది పట్టె. లెక్క చూడండి. 480 దూరంలో నడిమధ్య 30 మి.మీ. దిగితే వాలు 7 డిగ్రీలు. 80 కిలోల బరువంతా ఒకే దిక్కు వరసల మీద, మధ్యలో పడిందనుకుంటే ఆ వరసలన్నీ కలిసి ఎదురెదురు పట్టెలను లోపలికి లాగే బలం సుమారు 320 కిలోలు. అల్లిక రెండు దిక్కులకూ ఉంటే అది పంచుకుంటుంది, అయినా ఎక్కువే. ఎంత బిగుతుగా, తక్కువ దిగేలా కడితే లాగుడు అంత పెరుగుతుంది కూడా. కాబట్టి సీటు పట్టె 50 × 32 తీసుకుని 50 వైపును పడుకోబెట్టండి. అదే కట్టెను నిలబెడితే లోపలి వంపును ఆపే గట్టిదనం 2.4 రెట్లు తగ్గుతుంది. చూడ్డానికి నిలువు పట్టె బలంగా కనిపించడం వల్ల అందరూ ఇక్కడే పొరబడతారు.

పట్టె పైఅంచు ముందువైపు 12 మి.మీ. గుండ్రం చేయండి, మిగతా అంచులు 4–5. పదును అంచు మీద కాటన్ పోగులు ముందుగా తెగుతాయి.

పరిమాణం: బయటి కొలత 560 × 500 అయితే లోపలి ఖాళీ 460 × 400. నిలువు వరసలు (ముందు నుంచి వెనక్కి పోయేవి) 8, అడ్డ వరసలు 7, మధ్య 6–7 మి.మీ. సందుతో సరిగ్గా పడతాయి. పట్టె కిందికి మడిచి కొట్టేదాకా ఒక్కో నిలువు వరస 0.7 మీటరు, అడ్డ వరస 0.76. అంటే సీటుకు 11 మీటర్లు. వీపుకు అడ్డ వరసలు మాత్రమే చాలు, తొమ్మిదికి 7 మీటర్లు. పోయేదానితో కలిపి 20 మీటర్లు కొనండి. ముందే ముక్కలు కోయొద్దు. ఒక కొన కొట్టి, చుట్ట నుంచే లాగి, రెండో కొన కొట్టాక కోయండి. పొట్టి ముక్కను లాగడానికి చేతికి పట్టు దొరకదు.

కొట్టే పద్ధతి: 13 మి.మీ. మేకులు పట్టె కింద మూడు, కొనను 25 మడిచి పైన రెండు, ఒకే గీతలో పడకుండా అటూ ఇటూ. ఒకే గీతలో పడితే పట్టె ఆ గీత వెంట చీలుతుంది. ముందు నిలువు వరసలన్నీ మధ్య నుంచి రెండు పక్కలకు. తర్వాత అడ్డ వరసలు ఒకటి పైన ఒకటి కింద అల్లుతూ.

కొత్త కాటన్ నవారు మొదట్లో సాగుతుంది. చుట్ట విప్పి 10 కిలోల బరువు కట్టి ఒక రోజు వేలాడదీసి వాడండి. ఇంకా మంచిది, నులక మంచానికి కాళ్ల దిక్కున బిగించుకునే తాడు ఉంటుంది కదా, ఆ ఉపాయమే ఇక్కడా: నిలువు వరసల వెనక కొనలను పట్టెకు కొట్టకుండా, రింగులు కుట్టి అడుగున తాడుతో లాగి కట్టండి. వదులైనప్పుడు విప్పి బిగించుకోవచ్చు. ప్రాజెక్టులో చెప్పుకోదగ్గ డిజైన్ నిర్ణయం అది.

మరో మాట. సీటు చట్రం పక్క పట్టెలను చుట్టిన నవారు మందం మర్చిపోయి సీటు చట్రాన్ని ఖాళీకి సరిగ్గా చేస్తే లోపలికి దిగదు. పక్క చట్రాల మధ్య 566 ఉంచి సీటు చట్రం 560 చేయండి. మూలల్లో నవారు ఉండదు, బోల్టులు అక్కడే. రెండు వైపులా 3 మి.మీ. వాషర్లు.

కొత్త_ఉలి

చాలా థ్యాంక్సండీ. డ్రాయింగ్ మొత్తం మారుస్తున్నాను. ఇంకో మూడు సందేహాలు. కాళ్లు 32కి సన్నం చేయొచ్చా, 38 బరువుగా కనిపిస్తోంది? టేకుకు మామూలు ఫెవికాల్ పడుతుందా? నవారు బదులు కేన్ అల్లిస్తే బాగుంటుందని క్లాసులో ఒక సూచన వచ్చింది.

చేవకట్టె

32లో 30 లోతు బెజ్జం పట్టదు, అవతలికి 2 మి.మీ. మాత్రమే మిగులుతుంది. పక్క పట్టె తగిలే ఎత్తు దాకా 38 ఉంచి, అక్కడి నుంచి నేల దాకా లోపలి రెండు ముఖాలను 26కు సన్నం చేస్తూ తీసుకెళ్లండి. కంటికి కాలు తేలికవుతుంది, జాయింట్ బలం పోదు. బెజ్జాలన్నీ కోసిన తర్వాతే సన్నం చేయాలి. ముందే చేస్తే డ్రిల్ ప్రెస్ మీద కాలు సమంగా కూర్చోదు.

వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్ పడుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి కుసిని, బెజ్జాన్ని అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టండి. నిన్న తుడిచి ఇవాళ అతికిస్తే నూనె మళ్లీ పైకొస్తుంది. ఎండాకాలం జిగురు పైన చప్పున పొర కడుతుంది. జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకుని, క్లాంపులు తెరిచి పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టండి. బిగించగానే రెండు కర్ణాలు కొలవండి, ఒక మి.మీ. కంటే తేడా ఉంటే క్లాంపును వాలుగా జరిపి సరిచేయాలి. రెండో పక్క చట్రాన్ని మొదటిదాని మీద పెట్టి సరిచూడకుండా వదలొద్దు.

మూలమట్టం

కేన్ అందంగా ఉంటుంది, కాదనను. అయితే చట్రం చుట్టూ వరసగా బెజ్జాలు వేసి చేత్తో అల్లడం నేర్చుకునే వాళ్లకు దానికే రెండు వారాలు పోతాయి. కేన్ నవారులా దిగదు, కాబట్టి ఎత్తుల లెక్కంతా మళ్లీ చూడాలి. 9 వారాల్లో నవారుకే కట్టుబడండి. వీపుకు కేన్ షీట్ కావాలంటే వీపు చట్రం విడిగా ఉంది కాబట్టి తర్వాతైనా మార్చుకోవచ్చు.

పాలిష్ నవారు కట్టక ముందే పూర్తి కావాలి. 120, 180, 220 పేపర్లు వరసగా. 220కి ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే లేచిన నూగు కూడా పోతుంది. టేకు దుమ్ము కొందరి చర్మానికి, ఊపిరికి పడదు, మాస్క్ తప్పనిసరి. లిన్సీడ్ ఆయిల్ వాడితే గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో వేయండి.

చివర్న కుర్చీ ఒక కాలి మీద ఊగితే పొడుగు కాలిని ఊహించి కోయకండి. సమంగా ఉన్న గ్రానైట్ పలక మీద పెట్టి, పొట్టి కాలి కింద కాగితాలు దోపి ఊగుడు ఆపండి. ఒక చెక్క ముక్క మీద పెన్సిల్ పడుకోబెట్టి నాలుగు కాళ్ల చుట్టూ ఒకే ఎత్తులో గీత గీసి ఆ గీతకే కోయండి. పాదం అంచు 3 మి.మీ. వాలుగా చెక్కితే, నేల మీద జరిపినప్పుడు పెచ్చులు లేవవు.